తాతల నాటి తుపాకీకి పట్టిన తుప్పు ఎలా వదిలించాలి?

మూతి వైపు నుంచి మందు కూరే పాత తుపాకీ తుప్పుపట్టి ఉందని, ఎమరీ పేపర్‌తో రుద్ది మెరిపించవచ్చా అని అడిగారు. ఆ పని మాత్రం చేయకండి. మా ఇంట్లోనూ అలాంటిదే ఒకటుంటే నేనే శుభ్రం చేశాను కాబట్టి చెబుతున్నా.

తుప్పు సంగతి తర్వాత, ముందు అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఇలాంటివాటిలో కొన్ని మందు కూరి అలాగే వదిలేసినవి ఉంటాయి. నల్ల తుపాకీ మందు తడవకుండా ఉంటే వందేళ్లయినా పేలుతుంది. ఒక సన్నటి కర్రను గొట్టంలోకి అడుగు తగిలేదాకా దించండి. మీ మొహం, చెయ్యి మూతికి ఎదురుగా ఉండకూడదు. మూతి దగ్గర కర్ర మీద గుర్తు పెట్టి, బయటికి తీసి, గొట్టం పక్కన అదే కొలతకు ఆనించి చూడండి. కర్ర కొస నిప్పురవ్వ లోపలికి పోయే రంధ్రం దాకా రావాలి. రెండు మూడు వేళ్ల ముందే ఆగిపోయిందా, లోపల మందూ గుండూ ఉన్నట్టే లెక్క. ఇంకేమీ కెలక్కుండా పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌ని పిలవండి. ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్స్ కావాలా అన్నది కూడా అప్పుడే కనుక్కోండి.

ఖాళీ అని తేలాక అసలు పని. పల్చటి మెషీన్ ఆయిల్ పూసి ఒక రాత్రి వదిలేయండి. గట్టి పెచ్చులను రాగి నాణెం అంచుతో గీకితే చాలు. రాగి ఉక్కు కంటే మెత్తన, గీత పడదు. తర్వాత నాలుగు సున్నాల (0000, చాలా సన్నటి రకం) స్టీల్ ఊల్‌ని, అంటే ఉక్కు పీచుని, నూనెలో ముంచి మెల్లగా తిప్పుతూ రుద్దాలి. నారింజ రంగు బురద గుడ్డకు అంటుకుని వస్తుంటే, కింద ముదురు గోధుమ రంగు పొర నున్నగా బయటపడుతుంది. అక్కడ ఆపేయాలి. చేతులు ఊరుకోవు, ఇంకొంచెం రుద్దుదామనిపిస్తుంది. కానీ ఆ పొర పోతే మళ్లీ రాదు. మా దాని గొట్టం మొదట్లో చిన్న ముద్రలు కనిపించాయి. తయారీదారుణ్ణి, కాలాన్ని పట్టించేవి అవే. ఎమరీ పేపర్ పెట్టి ఉంటే ముందు అరిగిపోయేవీ అవే.

వెనిగర్, తుప్పు వదిలించే యాసిడ్ జెల్లీలు తుప్పుతో పాటు పాత నలుపు రంగునూ తినేస్తాయి. మరలు బిగుసుకుపోతే బలవంతపెట్టకండి. నూనె వేస్తూ రోజులు ఆగండి, గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవరే వాడండి. చెక్క భాగాన్ని గీకొద్దు, దుమ్ము తుడిస్తే చాలు.

చివర్లో నూనె మొత్తం తుడిచి, మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా పూయండి. మ్యూజియంలలోనూ ఇదే వాడతారు. నూనెలా దుమ్ము పట్టదు.

బాగుపడింది కదా అని పేల్చి చూద్దామనుకోవద్దు. లోపల తుప్పు ఎంత లోతుగా తినేసిందో పైకి కనపడదు. తోలు ఒరలో పెట్టి దాచడం కూడా మంచిది కాదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి ఆడేచోట గోడకు తగిలించండి.