కష్టమైన ఇంగ్లిష్ పదాలు నేర్చుకుంటున్నా, మాట్లాడేటప్పుడు గానీ రాసేటప్పుడు గానీ నోటికి రావడం లేదు. ఏం చేయాలి?

అర్థం ఒక్కటే బట్టీ పడితే, ఆ పదం ఎక్కడైనా కనిపించినప్పుడు గుర్తుపడతారు, అంతే. వాడాలంటే దాని పక్కన ఏ మాటలు వస్తాయో కూడా తెలియాలి. ఉదాహరణకు 'మిటిగేట్' అంటే తీవ్రత తగ్గించడం. రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్ లాంటివాటితో చక్కగా అతుకుతుంది: 'వుయ్ టుక్ స్టెప్స్ టు మిటిగేట్ ద రిస్క్.' అదే 'మిటిగేట్ ద ప్రైస్' అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ధరకు మామూలు 'రెడ్యూస్' చాలు.

అందుకే విడి పదం కాకుండా జంటగా వచ్చే మాటలు రాసుకోండి. కింద మీ పని గురించో చదువు గురించో సొంత వాక్యం ఒకటి. నిఘంటువులోది దించేస్తే పెద్దగా లాభం లేదు. రెండు రోజులకోసారి, తర్వాత వారానికి, నెలకు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోండి. నేర్చుకున్నది మొదట్లోనే ఎంత వేగంగా మరచిపోతామో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించాడు.

ఏ పదాలంటారా? భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌తో మొదలుపెట్టండి. 570 పద కుటుంబాలు (ఒకే మూల పదం నుంచి వచ్చే రూపాల గుంపులు), పైచదువుల పుస్తకాల్లో పదేపదే తగిలేవి. గొప్ప కోసం అరుదైన పదాల వెంట పడటం నా దృష్టిలో దండగ.