ధనుర్వాతం అంటువ్యాధేనా?

సందేహం: అంటువ్యాధి, సాంక్రమిక వ్యాధి రెండూ ఒకటేనా? ధనుర్వాతాన్ని ఏమనాలి? ‘వ్యాధి సోకింది’, ‘వ్యాధి వచ్చింది’ అనే మాటల్లో తేడా ఉందా?

సమాధానం: రెండూ ఒకటి కావు. అంటువ్యాధులన్నీ సాంక్రమికాలే గాని, సాంక్రమికాలన్నీ అంటువ్యాధులు కావు. ‘అంటు’ అచ్చతెలుగు మాట. నిప్పంటుకోవడం, చేతికి మసి అంటడం, కొమ్మకు అంటు కట్టడం – అన్నిట్లోనూ ఒకటి ఇంకొకదాన్ని తాకడం ఉంది. రోగిని తాకడం వల్లనో, దగ్గు తుంపర్ల వల్లనో, అతని బట్టల వల్లనో పక్కవారికి వచ్చేది అంటువ్యాధి. తట్టు, ఆటలమ్మ, గజ్జి ఈ కోవలోవి.

‘సంక్రమించు’ పరిధి పెద్దది. ఆస్తి సంక్రమించింది అంటాం. అక్కడ తాకడమనే ఊసే లేదు, ఒకచోటి నుంచి మరోచోటికి చేరడమే ఉంది. మలేరియా దోమ కుడితే వస్తుంది, రోగి పక్కన పడుకుంటే రాదు. ధనుర్వాతం బాక్టీరియా సిద్ధబీజాల (గట్టి పొరతో చాలాకాలం బతికి ఉండే రూపం) రూపంలో మట్టిలో ఉండి, గాయం గుండా లోపలికి పోతుంది. రోగి నుంచి మరొకరికి రాదు. కాబట్టి అది సాంక్రమిక వ్యాధే తప్ప అంటువ్యాధి కాదు. ఈ తేడా పండితుల పట్టింపు అనుకోకండి. అంటువ్యాధి అని రాస్తే చదివినవాళ్లు రోగికి సేవ చేయడానికే జంకుతారు.

అన్నట్టు, ‘సంక్రమిక’ అని రాయడం తప్పు. సమాజం – సామాజికం, వర్షం – వార్షికం అయినట్టే సంక్రమం – సాంక్రమికం. మొదటి అక్షరానికి దీర్ఘం ఉండాల్సిందే.

ఇక ‘సోకు’. సూక్ష్మజీవి ఒంట్లో చేరి పెరగడం సోకడం. లక్షణాలు బయటపడటం జబ్బు పడటం. ఈ రెంటి నడుమ గడువు పొదిగే కాలం. ఆటలమ్మకు అది 10 నుంచి 21 రోజులు. గుడ్డు పొదగడంతో పోలిక చక్కగానే ఉంది కాని, దాన్ని పట్టుకుని ‘పొదిగే కాలంలో ఇతరులకు అంటదు’ అని రాస్తే ప్రమాదం. ఆటలమ్మ పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటడం మొదలై, పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది.

సోకిన ప్రతివారూ జబ్బు పడరు. పోలియో వైరస్ సోకినవారిలో ఎక్కువమందికి లక్షణాలే ఉండవు. అందుకని ‘200 మందికి వైరస్ సోకింది, 40 మంది జబ్బు పడ్డారు, నలుగురు చనిపోయారు’ అని మూడు క్రియలతో రాయాలి. మొదటి రెంటికీ ‘వ్యాధి వచ్చింది’ అనే వాడేస్తే లెక్కే మారిపోతుంది. ఇక్కడ సోకినవారిలో మరణాలు 2 శాతం, జబ్బు పడినవారిలో 10 శాతం. ఉత్తినే ‘మరణాల రేటు’ అనకుండా, ఎవరిలో అన్నది ముందు చెప్పి అంకె తర్వాత వేయండి.