హెర్పిస్ ఉందని తేలింది, ఈ సిగ్గులోంచి బయటపడేదెలా?

లైంగికంగా అంటుకుని జననాంగాల దగ్గర పొక్కులు, పుండ్లు లేపే హెర్పిస్ వైరస్ ఉందని తేలినప్పటి నుంచి అమ్మ మొహం చూడలేకపోతున్నానని, వస్తున్న సంబంధాలు వద్దనేయాలా అని అడిగారు. వద్దనకండి. నాకూ పెళ్లికి ముందే వచ్చింది.

పుండ్లు త్వరగానే మానాయి. మనసే మానలేదు. నా టవల్ విడిగా ఆరేసుకునేదాన్ని, నా కంచం నేనే కడుక్కునేదాన్ని. అక్క కూతురు ఒళ్లోకి వస్తే ఏదో వంక పెట్టి లేచిపోయేదాన్ని. ఇదంతా విని చర్మవ్యాధుల డాక్టరమ్మ, "కంచాలతో, టవల్స్‌తో, బాత్రూంతో అంటుకునేది కాదమ్మా ఇది" అన్నారు. తర్వాత, "మీ ఇంట్లో జ్వరమొస్తే పెదవి మీద పొక్కులు లేచేవాళ్లున్నారా?" అని అడిగారు. మా నాన్నకు లేస్తాయి. వేడి చేసిందని మజ్జిగ ఇస్తాం, అంతే. అదీ ఈ జాతి వైరస్సేనట, హెచ్‌ఎస్‌వి-1. ప్రపంచంలో 50 ఏళ్లలోపు వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి అది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నాన్నకు పెదవి మీద వస్తే మజ్జిగ, నాకు ఇంకోచోట వస్తే పరువు తక్కువా? ఆరోజు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ కోపమే నన్ను నిలబెట్టింది.

ఎవరి వల్ల వచ్చిందన్న ఆలోచన కూడా నిద్రపోనివ్వదు. ఇది నరాల్లో ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండిపోగలదు. చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. ఇప్పుడు పొక్కులు కనబడ్డాయంటే ఇప్పుడే అంటిందని కాదు. మిమ్మల్నిగానీ, ఇంకొకరినిగానీ బోనులో నిలబెట్టకండి.

ముందు ఒక్కరికి చెప్పండి, నోరు జారని మనిషికి. నేను అక్కకు చెప్పాను. అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు, చెప్పి తీరాలనీ లేదు. పెళ్లి చేసుకోబోయే మనిషికి మాత్రం మాట ఖాయం కాకముందే చెప్పాలి. ఒకాయన "ఆలోచించుకుని చెప్తాను" అని మళ్లీ ఫోన్ చేయలేదు. చాలా ఏడ్చాను. తర్వాత వచ్చినాయన నాతోపాటు డాక్టర్ దగ్గరికి వచ్చి తన అనుమానాలన్నీ అడిగారు. కండోమ్, నేను రోజూ వేసుకునే వైరస్ మందు వాలాసైక్లోవిర్ తనకు అంటుకునే రిస్క్‌ను బాగా తగ్గిస్తాయి గానీ పూర్తిగా పోగొట్టవని తెలిసే ఒప్పుకున్నారు. గర్భం వచ్చినప్పుడు గైనకాలజిస్టుకు ముందే చెప్పాను, పాప ఆరోగ్యంగా పుట్టింది.

ప్రైవేటుకు వెళ్లడం ఇబ్బందైతే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటి లైంగిక వ్యాధులు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది, మందులు, కౌన్సెలింగ్ ఉచితం. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.