ఫేజ్ కన్వర్టర్ మీటరు దగ్గరా, మోటారు దగ్గరా?

ప్రశ్న: మా చెరకు గానుగకు 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు ఉంది. ప్లేటు మీద 415 వోల్టులు, 7.5 ఆంపియర్లు అని రాసి ఉంది. మాకు రెండు ఫేజులే వస్తున్నందువల్ల గానుగ షెడ్డులో ఫేజ్ కన్వర్టర్ (రెండు ఫేజుల నుంచి మూడో ఫేజు తయారుచేసే పరికరం) పెట్టాము. మీటరు నుంచి షెడ్డుకు 180 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి కేబుల్ వేశాము. చెరకు పెట్టగానే మోటారు మూలుగుతోంది. షెడ్డు దగ్గరి జాయింటు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. ఏ సైజు కేబుల్ వేయాలి?
– ఒక రైతు, పూతలపట్టు

జవాబు: ప్లేటు మీది 7.5 ఆంపియర్లు మోటారు తీసుకునే కరెంటే గాని, మీ కేబుల్ మోసే కరెంటు కాదు. మూడు తీగల్లో పోవలసిన శక్తి అంతా కన్వర్టర్ దాకా రెండు తీగల్లోనే రావాలి కనుక కరెంటు దాదాపు 1.73 రెట్లు పెరిగి 13 ఆంపియర్లవుతుంది. కన్వర్టర్ నష్టం కలిపితే 14 అనుకోండి. ఆ కరెంటుకు 2.5 కేబుల్ వేడెక్కిపోదు. జాయింటు కాలడానికి కారణం తీగలను మెలిపెట్టి టేపు చుట్టడమే అయి ఉంటుంది. లగ్గులతో (తీగ చివర నొక్కి బిగించే లోహపు తొడుగులు) గట్టిగా బిగించండి.

అసలు చిక్కు దూరంతో వచ్చింది. 2.5 రాగి తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 7.4 ఓములు. కరెంటు వెళ్లి రావడానికి 360 మీటర్లు గనుక 2.67 ఓములు, 14 ఆంపియర్ల మీద 37 వోల్టులు, అంటే దాదాపు 9 శాతం దారిలోనే పోతున్నాయి. మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి తగ్గుతుంది కాబట్టి చెరకు పడగానే మూలుగుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వేస్తే నష్టం 4 శాతానికి లోపే. 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం నిరోధమూ అంతే, ధర మాత్రం రాగి కంటే చాలా తక్కువ.

అయితే కొత్త కేబుల్ కొనేముందు ఒక మాట. మీ మూడు కోర్లలో ఒకటి ఇప్పుడు ఖాళీగా పడి ఉంది. కన్వర్టర్‌ను వాన తగలని పెట్టెలో మీటరు దగ్గరికి మార్చి, మూడు కోర్లనూ మోటారుకు కలిపితే ఒక్కో కోరులో 7.5 ఆంపియర్లే పోయి నష్టం 17 వోల్టులకు, అంటే 4 శాతానికి దిగుతుంది. నా సలహా ముందు ఇది చేసి చూడమనే. కెపాసిటర్ల కన్వర్టర్ ఏదో ఒక లోడు దగ్గరే మూడు ఫేజులనూ సమంగా ఇస్తుంది. అందువల్ల గానుగలో చెరకు నడుస్తుండగానే టాంగ్ టెస్టర్‌తో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) మూడు తీగల కరెంటూ చూడండి. ఏ తీగలోనైనా 7.5 దాటితే కెపాసిటర్లు సరిచేయించాలి, ఓవర్‌లోడ్ రిలే (కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేది) సెట్టింగు మాత్రం పెంచకండి. కన్వర్టర్ వాడకం గురించి ముందుగా మీ సెక్షన్ విద్యుత్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారితో మాట్లాడి ఉండటం అవసరం. ఇక మూడు కోర్లూ మోటారుకే వాడేస్తాం కాబట్టి, షెడ్డులోనే ఎర్తు గొయ్యి తీయించి మోటారు బాడీకి వేరే తీగ కలపండి.