ఎవరూ లేని దీవిలో నడిచే అబ్బాయి: సీఎస్‌ఈనా, గేమ్ డిజైనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మార్కులు ఫర్వాలేదు. రోజూ రాత్రి చదువు అయ్యాక గంటసేపు ల్యాప్‌టాప్‌లో ‘ప్రోటియస్’ అనే గేమ్ పెట్టుకుంటాడు. అందులో కాల్చడం లేదు, గెలవడం లేదు, మనిషన్నవాడే లేడు. ఒక దీవిలో ఊరికే నడుస్తూ ఉంటాడు. ఇంజినీరింగ్ వద్దు, ఇలాంటివి తయారుచేసే గేమ్ డిజైన్ కోర్సులో చేరతానంటున్నాడు. వాళ్ల నాన్నగారు ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశారు. వారం నుంచి వాడు మాతో సరిగా మాట్లాడటం లేదు. సీఎస్‌ఈ, గేమ్ డిజైన్ రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, కోర్సుల సంగతి చివర్లో చెప్తాను. మీరు ‘మనిషన్నవాడే లేడు’ అని రాశారు చూడండి, నేను అక్కడ ఆగిపోయాను. కాల్చుకునే ఆటలాడే పిల్లల తల్లులు నాకు కోపంగా రాస్తారు. మీరు భయపడుతూ రాశారు. వీడికేమైనా అయిందా, ఒంటరివాడైపోతున్నాడా, మాకు చెప్పుకోలేనిది ఏదైనా ఉందా? మీరు అసలు అడగాలనుకున్నది ఇదే.

ఆ గేమ్‌ని ఇంట్లో ఎవరూ పక్కన కూర్చుని చూసినట్టు లేదు. అందుకే ముందు అదేమిటో చెప్తాను. ప్రోటియస్ 2013లో వచ్చింది. ఎడ్ కీ, డేవిడ్ కనాగా అనే ఇద్దరు చేశారు. ఆట మొదలయ్యేసరికి మనం నీళ్లలో ఉంటాం, ఎదురుగా దీవి. చెట్లూ కొండలూ అన్నీ ముతక చుక్కలతో, కొద్దిపాటి రంగులతో, పిల్లలు గళ్ల కాగితం మీద వేసిన బొమ్మల్లా ఉంటాయి. కప్పలాంటి జీవి ఒకటి కనిపిస్తుంది. దాని వెనకాలే వెళ్తే గెంతుతూ పోతుంది, గెంతినప్పుడల్లా ఒక స్వరం పలుకుతుంది. కొండెక్కితే సంగీతం ఒకలా ఉంటుంది, వాన పడితే ఇంకోలా. వసంతం నుంచి చలికాలం దాకా నాలుగు రుతువులు గడిస్తే ఆట అయిపోతుంది. మధ్యలో ఆపాలంటే రెప్పలు మూసుకున్నట్టుగా తెర చీకటవుతుంది. మళ్లీ మొదలుపెడితే దీవి వేరేగా ఉంటుంది, కంప్యూటర్ అప్పటికప్పుడు కొత్తది పుట్టిస్తుంది కాబట్టి. దీన్ని అసలు గేమ్ అనొచ్చా అని గేమ్‌లు ఆడేవాళ్లే అప్పట్లో వాదించుకున్నారు.

మీవాడి రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాలేజీ, స్టడీ అవర్స్, వారం వారం టెస్టు, గోడ మీద ర్యాంకుల లిస్టు. పొద్దున్నుంచి ఎవరో ఒకరు మార్కులు వేస్తూనే ఉంటారు. రాత్రి ఒక్క గంట మార్కులు లేని చోటికి పోయి వస్తున్నాడు. మనకాలంలో ఆ వయసు పిల్లలు సాయంత్రం చెరువు గట్టు దాకా నడిచి వచ్చేవాళ్లు. అక్కడ ఏం సాధించావని ఇంట్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు ఆ గట్టూ లేదు, ఆ తీరికా లేదు.

తాళం విషయం మెత్తగా చెప్పలేను, తప్పు చేశారు. మీవారి మనసులో ఆన్‌లైన్ రమ్మీ లాంటిదేదో ఉండి ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. కానీ ఈ గేమ్‌లో పందెం లేదు, అవతల ఆడేవాడు లేడు, రేపు రాకపోతే నష్టపోతావని పిలిచే నోటిఫికేషన్ లేదు. పదిహేడేళ్ల కుర్రాణ్ని ఒక్క మాట అడగకుండా వాడి వస్తువు లాక్కుని, ఇప్పుడు మాట్లాడటం లేదని మీరే బాధపడుతున్నారు. మాట్లాడకపోవడం ఎప్పుడు మొదలైందో లెక్క చూసుకోండి. తాళం పడ్డ రోజే కదా?

ఒకటి మాత్రం నిజాయితీగా గమనించండి. నిద్ర చెడిందా, తిండి తగ్గిందా, ఇష్టమైన స్నేహితుల్ని కూడా తప్పించుకుంటున్నాడా? ఇవి వారాల తరబడి ఉంటే గేమ్‌ని పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇవేవీ లేకపోతే టెన్షన్ పడకండి. మీ పిల్లాడు బాగానే ఉన్నాడు.

ఇక్కణ్నుంచి మీవారికి చదివి వినిపించండి. 1982లో ‘ట్రాన్’ అనే సినిమాకు కంప్యూటర్ బొమ్మలు చేసినవాళ్లలో కెన్ పెర్లిన్ ఒకరు. ఆ బొమ్మలు మరీ యంత్రంలా, నున్నగా ఉన్నాయని ఆయనకు అసంతృప్తి. ప్రకృతిలోని గరుకుదనం రావడానికి ఒక పద్ధతి కనిపెట్టి 1985లో ప్రచురించారు. దాని పేరు పెర్లిన్ నాయిస్. 1997లో దానికి సాంకేతిక విభాగంలో ఆస్కార్ పురస్కారం ఇచ్చారు. కంప్యూటర్‌తో కొండలూ మేఘాలూ పుట్టించే పద్ధతులు చాలావాటికి మూలం అదే.

అదెలా పనిచేస్తుందో నాకు చూపించింది ఇంటర్ చదివే ఒక అమ్మాయి. గళ్ల నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. గళ్లు కలిసే ప్రతి మూలలో ఏదో ఒక దిక్కుకు చిన్న బాణం గీసింది. ఒక గడిలో చుక్క పెట్టింది. నాలుగు మూలల నుంచి ఆ చుక్కకు గీతలు లాగి, ఒక్కో గీతకూ ఆ మూల బాణానికీ డాట్ ప్రాడక్ట్ (రెండూ ఎంతవరకు ఒకే దిక్కుకు ఉన్నాయో చెప్పే లెక్క) కట్టింది. ఆ నాలుగు జవాబులనూ మెత్తగా కలిపితే అక్కడ నేల ఎంత ఎత్తుండాలో వస్తుంది. డాట్ ప్రాడక్ట్ మీవాడు ఫస్టియర్ 1ఎ లో చదివిందే. మెత్తగా కలపడానికి ఒక ఘన బహుపది వాడతారు. రెండు చివర్లలోనూ దాని డెరివేటివ్, అంటే వాలు, సున్నా, అందుకే గడికీ గడికీ మధ్య అతుకు కనపడదు. అది 1బి. అంతా అయ్యాక ఆ అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో 7 అని ఉన్న అంకెను 8 చేసింది. తెర మీది కొండలన్నీ చెదిరి వేరే నేల వచ్చింది. మళ్లీ 7 చేస్తే పాత కొండలే, రాయి కూడా కదలకుండా తిరిగొచ్చాయి. ఆ అంకెను సీడ్ అంటారు, విత్తనం. 1984లో ఇద్దరు కేంబ్రిడ్జి విద్యార్థులు ‘ఎలీట్’ అనే గేమ్‌ని 32 కిలోబైట్ల మెమరీ ఉన్న కంప్యూటర్ కోసం రాస్తూ 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 లోకాలు పెట్టారు. వాటిలో ఏదీ కంప్యూటర్‌లో నిల్వ చెయ్యలేదు, విత్తనం లాంటి కొద్దిపాటి అంకెల నుంచి కావలసినప్పుడల్లా మొలిపించారు.

మీవాడి ఇష్టం చదువుకు ఎంత దగ్గరగా ఉందో చూశారు కదా. అయినా గేమ్ డిజైన్ కోర్సు మీద నాకు అనుమానాలున్నాయి, దాచుకోను. ప్రోటియస్‌ని ఇద్దరే చేశారన్నాను. ఒకరిది ప్రోగ్రామింగ్, ఒకరిది సంగీతం. ఇలాంటి ప్రశాంతమైన గేమ్‌లు ఎక్కువగా ఇలాగే, చేతిలో గట్టి పని ఒకటి ఉన్నవాళ్ల నుంచి వస్తాయి. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లు లక్షలు తీసుకుని నేర్పేది చాలాచోట్ల సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో మాత్రమే. నా దగ్గరికి వచ్చిన ఒక తండ్రి అరెకరం అమ్మి కొడుకుని అలాంటి దాంట్లో చేర్చారు. మూడేళ్ల తర్వాత ఆ అబ్బాయి తన పనులు చూపించాడు. అదే బ్యాచ్ నుంచి ఇంకో అబ్బాయి కూడా అదే నెలలో వచ్చాడు. ఇద్దరి దగ్గరా అదే గుడిసె, అదే కత్తి, అదే పీపా. మాస్టారు చేయించిన అసైన్‌మెంట్లు. ఆ తండ్రి ముఖం చూడలేకపోయాను.

ఉద్యోగాలైనా బ్రోషర్‌లో చూపించినంత సులువుగా లేవు. 2023, 2024ల్లో ప్రపంచమంతటా పెద్ద గేమ్ కంపెనీలు వేలమందిని తీసేశాయి. మన దగ్గర దొరికే పనుల్లో చాలావరకు ఎవరిదో గేమ్‌కి బొమ్మలు చేసిపెట్టడం, మొబైల్ గేమ్‌లు, టెస్టింగ్. అది గౌరవమైన పనే, కానీ మీవాడు కలగంటున్న దీవి అందులో ఉండదు. పేరున్నవాళ్లకూ కష్టమే. ‘నో మ్యాన్స్ స్కై’ అనే గేమ్ 2016లో 18 తర్వాత 18 సున్నాలు పెట్టినన్ని గ్రహాలతో వచ్చింది. అన్ని గ్రహాలున్నా అన్నీ ఒకేలా ఉన్నాయని, చెప్పినవన్నీ లేవని ఆడినవాళ్లు మండిపడ్డారు. ఇంగ్లండ్‌లోని ఆ చిన్న బృందం ఏళ్ల తరబడి ఉచితంగా మెరుగుపరుస్తూ వస్తే అప్పుడు మంచి పేరొచ్చింది. కొండలు పుట్టించడం సులువు. ఆ కొండెక్కినవాడికి ఏదో ఒకటి అనిపించేలా చెయ్యడానికే ఏళ్లు పడుతుంది.

ఇక మీరడిగిన పోలిక. లెక్కలంటే ఇష్టముంటే సీఎస్‌ఈ. గేమ్ కుదరకపోయినా విజువల్ ఎఫెక్ట్స్, సిమ్యులేటర్లు, మ్యాపులు, మామూలు సాఫ్ట్‌వేర్ అన్నీ తెరిచి ఉంటాయి. లెక్కల కన్నా బొమ్మలు గీయడం, చుట్టూ ఉన్నవి గమనించడం ఎక్కువ ఇష్టమైతే బి.డిజైన్. ఐఐటీ హైదరాబాద్‌లో ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఉంది. ప్రైవేటు గేమ్ డిజైన్ కోర్సు నా లెక్కలో మూడోది, అదీ అక్కడ చదివిన నలుగురి పనులు మీ కళ్లతో చూశాకే. అప్పు చేసి మాత్రం వద్దు.

ఈ మూడింటిలో ఏదో తేల్చుకునే ముందు, పరీక్షలయ్యాక వాడికి రెండు నెలలివ్వండి. గేమ్‌లు తయారుచేసే గోడో, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. నడవడానికి వీలైన దీవి ఒకటి, చిన్నదైనా సరే, సొంతంగా చెయ్యమనండి. చెట్టు గాల్లో తేలినా, మనిషి నేలలోకి దిగబడిపోయినా విసుక్కోకుండా సరిచేసుకుంటూ పూర్తిచేస్తే వాడు తయారుచేసేవాడు. మధ్యలో వదిలేస్తే నడవడం ఇష్టమైనవాడు. అదీ మంచిదే, దానికి కోర్సు అక్కర్లేదు, రాత్రి ఆ గంట ఉంటే చాలు.

ఈ ఆదివారం బీరువా తాళం మీవారినే తియ్యమనండి. ఆయన చేతుల మీదుగానే ల్యాప్‌టాప్ ఇప్పించండి. మీరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చోండి. ర్యాంకు గురించీ కోర్సు గురించీ ఏమీ అడగకండి. ఆ కప్ప ఎక్కడుంటుందో చూపించమనండి.