నలభై రెండు పేజీలు ఎవరు చదువుతారే అమ్మడూ

చిరంజీవి అమ్మడికి, అత్త ఆశీస్సులు.

కంపెనీల దగ్గర మీ సంస్థకి డబ్బు అడగడానికి రాసి, నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రపోజల్ మొన్న రాత్రి కూర్చుని చదివాను. నలభై రెండు పేజీలు. మొదటి పేజీ నిండా దేశంలో చదువుల పరిస్థితి, తర్వాత మీ అధ్యక్షులవారి సందేశం, ఆపైన ఐదు పేజీల సన్మానాల ఫొటోలు. మీ సాయంత్రం బడుల్లో కూర్చునే పిల్లలు పన్నెండో పేజీలో కనపడ్డారు. ఇరవై ఐదు లక్షలు కావాలన్న మాట ముప్పై ఎనిమిదో పేజీలో దొరికింది. చిన్నబుచ్చుకోకు. నేను మొదట్లో రాసినవి ఇంతకన్నా అధ్వానం.

పెద్ద కంపెనీలు లాభంలో కొంత సమాజానికి ఖర్చు పెట్టాలనే కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ వేసవిలో మా చుట్టుపక్కల సంస్థలన్నీ స్పైరల్ బైండింగ్ చేయించుకుని ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడ్డాయి. మేమూ నిలబడ్డాం. ఆరు చోట్ల ఇచ్చాం, ఒక్కరూ ఫోను చేయలేదు. కంపెనీలకి మనసు లేదని ఏడాదంతా తిట్టుకున్నాం. ఆ ఫైలు చదివే మనిషి పరిస్థితి ఏమిటో తెలిశాక మా రాత మారింది. నీకు చెప్పాలనుకున్నదీ ముఖ్యంగా అదే.

ఆ కుర్చీలో ఉండేది నీ వయసు అమ్మాయో అబ్బాయో. తన జేబులోంచి ఇచ్చేది ఏమీ లేదు. ఒక ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చు పెట్టి తీరాలి. ఆ ఖర్చుకి మామూలుగా ఒక కమిటీ ఉంటుంది, దానిపైన బోర్డు. డబ్బు అనుకున్న పనికే పోయిందని ఏడాది చివర కంపెనీ ఆర్థిక అధికారి సర్టిఫై చెయ్యాలి. ఈ వివరాలన్నీ వార్షిక నివేదికలో అచ్చు కావాలి. కాబట్టి నీ కాగితం చేతికి తీసుకోగానే ఆ అమ్మాయికి మూడు సందేహాలు వస్తాయి. ఇది చట్టం ఒప్పుకునే పనేనా? మా ఫ్యాక్టరీ దగ్గరలోనిదేనా? వీళ్లని నమ్మి పైకి పంపితే రేపు నా పీకల మీదికి రాదు కదా? మూడింటికీ మొదటి పేజీలోనే జవాబు దొరికితే ఫైలు పైకి వెళ్తుంది. లేకపోతే ఆ బీరువాలోనే ఉంటుంది.

మొదటి రెండూ నీకు తేలిక. చట్టంలోని ఏడో షెడ్యూలులో రెండో అంశమే విద్య. ఆ మాట అలాగే రాయి. తమ యూనిట్లు ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది కనుక, మీ ఊళ్లు ఆ కంపెనీ గేటుకి ఎన్ని కిలోమీటర్లో ఊరి పేరు పక్కనే వెయ్యి. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో పని చేస్తూ పైడిభీమవరం ఫ్యాక్టరీలని వదిలేసి బెంగళూరు, ముంబై ఈమెయిళ్ల వెంట ఎందుకు పడ్డావో నాకు అర్థం కాలేదు.

రాయడానికి ముందు ఒక పని చెయ్యి. ఆ కంపెనీ వెబ్‌సైటులో వార్షిక నివేదిక తెరిచి, బోర్డు రిపోర్టుకి అనుబంధంగా ఉండే సీఎస్‌ఆర్ పట్టిక, అంటే ఈ సామాజిక బాధ్యత ఖర్చు పట్టిక చూడు. గత మూడేళ్లవీ చూడు. ఏ ప్రాజెక్టు, ఏ జిల్లా, ఎంత డబ్బు, సొంతంగా చేశారా లేక ఏ సంస్థ ద్వారా చేశారా, అన్నీ వరసగా ఉంటాయి. మూడేళ్లుగా ఆర్వో ప్లాంట్లూ మెడికల్ క్యాంపులే పెడుతున్న కంపెనీ దగ్గరికి వెళ్లి సాయంత్రం బడులు అంటే వాళ్లు వింటారు, టీ ఇస్తారు, పంపించేస్తారు. బడులకి బెంచీలు ఇస్తున్న కంపెనీ అయితే మాట కలుస్తుంది. అందరూ చూడగలిగే కాగితమే, కానీ చూసేవాళ్లు తక్కువ. ఒక ఆఫీసులో నేను "మీరు కిందటేడు ఈ మండలంలో ఫలానా బడికి ఇంత పెట్టారు కదండీ" అనగానే ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. అప్పటిదాకా ఫోనులో తల దూర్చి ఉన్నాడు.

ఇక మూడో సందేహం, నమ్మకం. దీంట్లో సగం కాగితాలదే. సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్, ఆదాయపు పన్ను మినహాయింపుకి 12ఏ, 80జీ, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే దర్పణ్ నంబరు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, రిటర్నులు. వీటితో పాటు 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 అనే ఫారం తప్పనిసరి. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో దాఖలు చేస్తే మీ సంస్థకంటూ ఒక రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. అది లేకపోతే ఎంత మంచి మనసున్న కంపెనీ అయినా ఈ పద్దులోంచి నీకు డబ్బు ఇవ్వలేదు. బయటి సంస్థలకి ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం కూడా ఉండాలి. మీరు 2021లో మొదలుపెట్టారు కనుక ఆ గండం దాటారు, కానీ దానికి రుజువు కావాలి. పాత హాజరు పట్టీలు, మొదటి ఏడాది ఆడిట్ పారేయలేదు కదా?

మా సీఎస్‌ఆర్-1 విషయంలో జరిగింది విను. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో మా 'సేవా'కి ఇంగ్లీషులో వీ ఉంది. పాన్ కార్డులో డబ్ల్యూ. ఇరవై ఏళ్లుగా ఎవరికీ అడ్డం రాలేదు. సరిగ్గా ఒక కంపెనీ ఒప్పుకుని, నెలాఖరులోగా నంబరు పంపండి అన్నప్పుడు అడ్డం వచ్చింది. పాన్ సరిచేయించి, దాని వెనకే బ్యాంకులో, 80జీలో మార్పించుకుని వచ్చేసరికి మార్చి దాటిపోయింది, ఆ డబ్బు వేరే సంస్థకి వెళ్లిపోయింది. ఒక్క అక్షరం! ఆ నెలంతా నాకు బీపీ మాత్ర డోసు పెరిగింది.

మిగతా సగం నమ్మకం అంకెలది. ఈ కథ చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. 2017లో ఒక కంపెనీ మా బడికి ఏడాది డబ్బిచ్చింది. ప్రపోజల్‌లో 120 మంది పిల్లలని రాశాం. పేర్లు నూట ఇరవై ఉన్న మాట నిజమే, రోజూ వచ్చేది డెబ్బై. నవంబరులో ఒక ముసురు సాయంత్రం వాళ్ల మనిషి చెప్పకుండా వచ్చాడు. ముప్పై ఒక్కరున్నారు. ఆయన ఏమీ అనలేదు, హాజరు పట్టీ అడిగాడు. మా టీచరు వారానికంతా ఒకేసారి టిక్కులు పెట్టేసింది. ఒకే పెన్ను, ఒకే వాలు. రేపటి తేదీ కింద కూడా 118 మంది వచ్చేశారు. ఆయన ఆ పేజీ మీద వేలు పెట్టి నా వైపు చూశాడు, పట్టీ మూసి టేబుల్ మీద పెట్టాడు. రెండో ఏడాది డబ్బు రాలేదు, అడగడానికి మాకూ మొహం లేదు.

తర్వాతి ప్రపోజల్‌లో ఉన్నదున్నట్టు రాశాం. చేరినవాళ్లు 112, సగటు హాజరు 71, జీడితోటల పనుల రోజుల్లో నలభైకి పడిపోతుంది. మా కోశాధికారి గొడవ చేశాడు, ఇలా రాస్తే ఎవడిస్తాడు అని. ఇచ్చారు. పైగా ఆ ఆఫీసరే, ఆ రెండు నెలలూ బడి పొద్దున్నే పెట్టి చూడరాదా అన్నాడు. పెట్టాం, హాజరు కొంత నిలబడింది.

నీ పిల్లల సంగతి కూడా అంతే సూటిగా రాయి. మొదటి వాక్యం నేను చెప్తాను, నచ్చితే వాడుకో. "తండ్రి చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లాక, తల్లి చేపల గంపతో సాయంత్రం ఊళ్లోకి వెళ్లాక, ఎనిమిదో తరగతి పిల్లకి లెక్కలు చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఉండరు." దీని ముందు నీ 'సమగ్ర సాధికారత' దిగదుడుపే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం కదా, ఆ రోజుల్లో మీ బడి ఎలా నడుస్తుందో కూడా ఒక వాక్యం రాయి. అది చదివితే మీరు ఆ ఊళ్లో తిరిగినవాళ్లని తెలుస్తుంది.

డబ్బు దగ్గరికి వద్దాం. కిందటేడు మీ సంస్థ మొత్తం ఖర్చు నాలుగు లక్షలు. ఈ ఏడాది ఒక్కసారే ఇరవై ఐదు లక్షలు, అందులో వ్యాను, కంప్యూటర్ ల్యాబు. నీ ఆడిట్ రిపోర్టూ ఈ కోరికా పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించు. నేను కాగితం మీద లెక్క వేశాను. ఎనిమిది సెంటర్లు, ఒక్కో టీచరుకి నెలకి 4,000 చొప్పున పది నెలలు, 3,20,000. తిరిగి చూసే కోఆర్డినేటర్‌కి నెలకి 12,000, ఏడాదికి 1,44,000. 240 మంది పిల్లలకి పుస్తకాలూ పలకలూ తలకి 350, మొత్తం 84,000. సెంటరుకి చాపలు, లైట్లు, బోర్డు 6,000 చొప్పున 48,000. ప్రయాణాలు 24,000. లెక్కలు, ఆడిట్ 30,000. అన్నీ కలిపి ఆరున్నర లక్షలు. పిల్లకి ఏడాదికి 2,700 చిల్లర. ఈ చివరి అంకె మొదటి పేజీలో ఉండాలి. వాళ్ల మీటింగులో నోటితో చెప్పుకునేది అదొక్కటే.

కోఆర్డినేటర్ జీతం, ఆడిట్ ఖర్చు నీ చిత్తులో ఎక్కడా లేవు. ఎందుకే? పాలనా ఖర్చు 5 శాతం దాటకూడదని ఎవరో చెప్పారన్నావు. ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకి పెట్టిన హద్దు. మన ప్రాజెక్టు నడవడానికి కావలసిన మనిషి జీతం దాంట్లోకి రాదు. కొన్ని కంపెనీలు తమ సొంత హద్దులు పెట్టుకుంటాయి, అది వేరే సంగతి, ముందే అడిగి తెలుసుకో. సిగ్గుపడి రాయకపోతే ఆ జీతం నీ చేతి గాజుల్లోంచి పోతుంది. నావి అలాగే పోయాయి.

ఎప్పుడు వెళ్లాలంటే, డిసెంబరు, జనవరి. తర్వాతి ఏడాది ప్రణాళిక ఆ తర్వాతే కమిటీ ముందుకి వెళ్తుంది కనుక అప్పటికి నీ మొహం వాళ్లకి తెలిసి ఉండాలి. ఫిబ్రవరి చివర్లో ఉన్నట్టుండి ఫోను వస్తే, మిగిలిన డబ్బు మార్చిలోగా తేల్చాలన్న టెన్షన్‌లో ఉన్నారని అర్థం. చాపలూ బోర్డులూ కొనే పనయితే ఒప్పుకో. ఏడాది పనిని ముప్పై రోజుల్లో చూపించమంటే మాత్రం వద్దని చెప్పు. మొదట ఫ్యాక్టరీలో ఈ పని చూసే మనిషిని కలువు, చాలాచోట్ల హెచ్‌ఆర్‌లోనే ఉంటారు. ఎమ్మెల్యే గారి సిఫారసు ఉత్తరం పట్టుకెళ్లకు. ఒకసారి నేను పట్టుకెళ్లాను. ఆ క్షణం నుంచి వాళ్లు నాతో మాట్లాడటం మానేసి ఉత్తరంతో మాట్లాడారు.

ఇంకొకటి. డబ్బు ఇప్పిస్తాను, పది శాతం నాది అనేవాళ్లు నీ దగ్గరికీ వస్తారు. చెక్కు ఇస్తాం, కొంత క్యాష్‌గా వెనక్కివ్వండి అనేవాళ్లూ ఉంటారు. మాకూ ఒకరు తగిలారు. అప్పుడు సంస్థ బ్యాంకు ఖాతాలో పదకొండు వేలున్నాయి, టీచర్లకి రెండు నెలల జీతం బాకీ. కాదని వచ్చేశాం. ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఒప్పుకుంటాను, కానీ ఈ విషయంలో నీకు రెండో ఆలోచన ఉండకూడదు. సంతకం పెట్టేది నువ్వు, నోటీసు వచ్చేది నీ పేరు మీద.

అమెరికాలో ఉన్న మీ అన్నయ్య వాళ్ల కంపెనీ ఫౌండేషన్ నుంచి ఇప్పిస్తానన్నాడని రాశావు. అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, కింద రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క డాలరు కూడా మీ ఖాతాలో పడకూడదు. ప్రస్తుతానికి వాడికి థ్యాంక్స్ చెప్పి ఊరుకో.

మంజూరయ్యాక ఎంవోయూ, అదే ఒప్పంద పత్రం, చదవకుండా సంతకం పెట్టకు. డబ్బు ఎన్ని విడతల్లో, ఏ రిపోర్టు ఇస్తే రెండోది వస్తుంది, అన్నది వెతుక్కుని చదువు. రెండో విడత ఆలస్యమైతే మూడు నెలలు టీచర్లకి ఏం పెడతావో ముందే చూసుకోవాలి. ఈ ప్రాజెక్టుకి వేరే ఖాతా తెరిస్తే ఆడిటర్ ఇచ్చే ఖర్చు సర్టిఫికెట్ ఒక పూటలో అయిపోతుంది. ఫ్లెక్సీల మీద మాత్రం ఖర్చు పెట్టకు, తల్లీ. వాళ్ల లోగో బోర్డు మీద ఓ మూల వేస్తే చాలు.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికి రా, నాలుగు పేజీల్లో తిరగరాద్దాం. హాజరు పట్టీలు తే, టిక్కులు ఎలా ఉన్నాయో నేను చూడాలి. పాన్ కార్డు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ కూడా తీసుకురా, పేర్లు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూద్దాం. అన్నం ఇక్కడే తిందువుగాని.

మీ అత్త
విజయనగరం