ముందు బీప్ సంగతి చూడు

చిరంజీవి కీర్తికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పేషంట్ మానిటర్లకు శబ్దాలు కూర్చే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. నువ్వు పంపినవన్నీ విన్నాను. ఇంపుగానే ఉన్నాయి గాని, అన్నీ అలారాలే. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు చెవి ఉండేది అలారం మీద కాదు, పల్స్ ఆక్సీమీటర్ బీప్ మీద.

నాడి కొట్టుకున్నప్పుడల్లా అది ఒకసారి మోగుతుంది. రక్తంలో ఆక్సిజన్ శాతం తగ్గేకొద్దీ దాని శ్రుతి కిందికి జారుతుంది. జపాన్‌లో తకువో అయోయాగి 1970లలో పల్స్ ఆక్సీమీటర్ సూత్రం కనిపెడితే, ఈ జారే శ్రుతిని 1980లలో థియేటర్లకు అలవాటు చేసింది అమెరికాలోని నెల్‌కార్ యంత్రం. శ్వాసనాళంలోకి ట్యూబు వేసేటప్పుడు మా కళ్లు రోగి గొంతులోనే ఉండాలి, తెర వంక తిరిగే వీలుండదు. శ్రుతి జారడం వినపడితే చాలు, ప్రయత్నం ఆపి మాస్కు అందుకుంటాం. అలారం మోగేది ఆ తరువాత.

ఇంత మంచి శబ్దానికీ లోపం ఉంది. దిగుతోందని చెబుతుంది గాని ఎక్కడికి దిగిందో చెప్పదు. 97 నుంచి 95కి వస్తే చాలామంది పోల్చుకోలేరు. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో శ్రుతి లెక్క. యంత్రం మారితే చెవికి మళ్లీ మొదటి నుంచి అలవాటు కావాలి. తొంభై దాటి కిందికి వస్తే పతనం వేగంగా ఉంటుంది కాబట్టి ఆ గీత దగ్గర తేడా కొట్టొచ్చినట్టు వినపడాలి. నెలలు నిండని పిల్లల దగ్గర ఇంకో చిక్కు: ఆక్సిజన్ ఎక్కువైనా కంటి రెటీనాకు ప్రమాదమే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు, శాతం ఉండవలసిన హద్దు దాటగానే బీప్‌లో వణుకు వినిపించేలా చేసి పరీక్షించారు. నీ శ్రమంతా మొదట అక్కడ పెట్టు.

ఇక అలారాలు. నీకు వీణ వచ్చు కాబట్టి ఒక్కో ప్రమాదానికి ఒక్కో చిన్న బాణీ కట్టావు. 2006 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-1-8లో కూడా అలాంటి బాణీలే ఉండేవి. నర్సులు వాటిని నేర్చుకోలేకపోయారు, ఒకదాన్ని మరొకటి అనుకున్నారు. ఆ తరువాత బ్రిటన్‌లో శబ్దాలపై పరిశోధించే జూడీ ఎడ్వర్తీ బృందం కృషితో 2020 సవరణలో అర్థం తోచే శబ్దాలు చేరాయి: గుండె సంగతికి లబ్‌డబ్, మందుల సంగతికి మాత్రల సీసా గలగల. సంగీతం రాని మనిషికి కూడా అవి వెంటనే తెలుస్తాయి. నీ బాణీలు పక్కన పెట్టు, బాధపడకు.

ఐసీయూలో మోగే అలారాల్లో చాలావాటికి ఎవరూ చేయవలసింది ఏమీ ఉండదు. రోగి చేయి కదిలిస్తాడు, వేలి క్లిప్పు జారుతుంది, యంత్రం అరుస్తుంది. పూటంతా అది విన్న నర్సు చెవికి అసలైనది కూడా వినపడకుండా పోతుంది. దీనికి మందు మంచి శబ్దం కాదు. హద్దు దాటాక కొన్ని సెకన్లు ఆగి చూసి, అప్పటికీ సర్దుకోకపోతేనే మోగేలా సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోట్లాడు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిశ్శబ్దమైన గదిలో ఏదీ ఖాయం చేయకు. రక్తం ఆపడానికి కాల్చే కాటరీ మోత, రక్తం పీల్చే సక్షన్ గరగర, సర్జన్ పెట్టించుకున్న పాత సినిమా పాటలు, వీటి మధ్య విని చూడు. ఒకే సన్నని స్వరం ఎటు నుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టం, ఇంకో మోత కింద సులువుగా మునిగిపోతుంది. అసలు స్వరంతో పాటు పై స్వరాలు (హార్మోనిక్స్) కలిసినది నిలుస్తుంది. వయసు మీరిన డాక్టర్లకు హెచ్చు శ్రుతులు అందవు, నాతో సహా.

బీప్‌ను పూర్తిగా ఆపేసే మీట మాత్రం తెర ముందు పెట్టనివ్వకు; మెనూలో నాలుగు అడుగులు లోపల ఉండాలి. సవరించినవి తయారైతే పంపు, మా పీజీ పిల్లలకు వినిపించి ఏమన్నారో రాస్తాను.

మీ పెద్దమ్మ